మా బ్రాంచిలో ఎన్నడూ ఆగని కంప్యూటరు

2013 జూలైలో నన్ను విజయనగరం బ్రాంచి నుంచి కోటబొమ్మాళి వైపు లైనుకు వేశారు. లైను అంటే, కంప్యూటరు చెడిన వాళ్ల ఇంటికి మనమే వెళ్లి చూసి రావడం. మాది కంప్యూటర్లు అమ్మి, వారంటీ ఉన్నన్నాళ్లు మరమ్మతు చేసిపెట్టే సంస్థ. అందులో పైనుంచి కిందికి సీనియర్ ఇంజినీరు, ఇంజినీరు, ఫీల్డ్ అసిస్టెంటు, హెల్పరు. యాభై ఆరేళ్ల వయసులో నేను ఫీల్డ్ అసిస్టెంటును. అసిస్టెంటు తీగలు మార్చవచ్చు, మౌసు మార్చవచ్చు, పెట్టెను మోసుకురావచ్చు. పెట్టెకు అంటించిన సీలు మాత్రం తెంపకూడదు. లోపం ఇదీ అని జాబ్ షీటులో రాసే హక్కు ఇంజినీరుదే.

నాకు డిప్లొమా లేదు. పదో తరగతి తప్పి రేడియో షాపులో చేరినవాణ్ని. రేడియో నుంచి టీవీకి, టీవీ నుంచి కంప్యూటరుకి నా అంతట నేనే వచ్చాను. పాత ఇనుము కొట్లలో తూకానికి దొరికే బోర్డులు తెచ్చుకుని, ఇంగ్లీషు మాన్యువల్ ఒక పక్కనా నిఘంటువు ఒక పక్కనా పెట్టుకుని విప్పి చూసుకున్నాను. "డిప్లొమా లేదు కదా" అని నాతో ఎవరెవరు, ఎక్కడ నిలబడి అన్నారో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ వరసలో మా సీనియర్ ఇంజినీరు కిరణ్ చాలాసార్లు వస్తాడు. నా కొడుకు ఈడువాడు. నన్ను అంకుల్ అనేవాడు. ఆ పిలుపులో మర్యాద కన్నా "పక్కకు జరుగు" అన్నదే ఎక్కువ వినిపించేది.

కోటబొమ్మాళిలో పప్పులూ నూనెలూ అమ్మే షావుకారు అప్పన్న గారి కోడలు రేవతి. పెళ్లికి ముందు శ్రీకాకుళంలో డీటీపీ నేర్చుకుంది. అంటే కంప్యూటరులో తెలుగు అక్షరాలు కొట్టి, అచ్చుకు పనికొచ్చేలా పేజీలు కట్టే పని. ఒక ప్రెస్సు వాళ్లు రెండు వందల పేజీల పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. ఆ ఇంట్లో కోడళ్లు బయటివాళ్ల పని చేయడం అదే మొదలు. మామగారు కంప్యూటరు కొనిచ్చారు గాని షరతు పెట్టారు: ఈ ఒక్క పుస్తకం గడువులోగా ఇస్తే సరే, లేకపోతే పెట్టె అమ్మేసి ఆ ముచ్చట అంతటితో ఆపాలి.

ఆ కంప్యూటరు పని మధ్యలో ఆగిపోతోంది. మొదటిసారి బ్రాంచికి వచ్చినప్పుడు కిరణ్ వైరస్ అన్నాడు, లోపల ఉన్నదంతా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించాడు. తుడిచే ముందు "ఇందులో ఏమైనా ఉందా అమ్మా" అని అడగాలి. అడగలేదు. నలభై పేజీలు పోయాయి. రెండోసారి వచ్చినప్పుడు బల్ల మీద పెట్టి రెండు రోజులు ఏకధాటిగా నడిపారు. ఒక్కసారీ ఆగలేదు. "లోపం కనబడలేదు" అని రాసి పంపేశారు. ఇంటికి వెళ్లిన రోజే మళ్లీ ఆగింది. మూడో ఫిర్యాదుకు కిరణ్ అసలు పెట్టెను చూడకుండానే మదర్‌బోర్డు పోయిందన్నాడు. అది మార్చాలంటే విశాఖపట్నం పంపాలి, మూడు వారాలు పడుతుంది. ప్రెస్సు గడువుకు మిగిలింది పదకొండు రోజులు. నాకు ఇచ్చిన ఉత్తర్వు ఒకటే: వెళ్లి పెట్టె పట్టుకురా.

పొద్దున్న పాసింజరులో దిగి పదింటికల్లా వాళ్లింటికి చేరాను. ముందు కొట్టు, వెనక ఇల్లు. అప్పన్న గారు కాటా దగ్గరినుంచి లేవకుండానే పలకరించారు.

"ఏటయ్యా, మూడోపాలి! మా పెట్టంటే మీ కంపెనీకి అంత పేమ ఏటి? కొత్త పెల్లికూతురికి కూడా ఇన్ని రాకపోకలుండవు."

లోపలికి వెళ్లాను. కంప్యూటరు పెట్టె ఒక పీట మీద ఉంది. పైన పసుపు, కుంకుమ బొట్టు. అది నాకు వింతగా అనిపించలేదు. మా వైపు ఆటోకీ బొట్టు ఉంటుంది, మోటారుకీ ఉంటుంది. నేనూ ఈ గడ్డ మీదివాణ్నే కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అదే.

రేవతి వచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడింది. "మాస్టారండీ, ఈపాలి పెట్టె ఎల్తే నా పని ఎల్పోయినట్టే. మా మావయ్య గారి మాట మాటే. మీకేటైనా తెలిస్తే ఇక్కడే సూడండి."

"సాయంత్రం బండి దాకా టైముంది. చూద్దాంలే అమ్మా" అన్నాను.

ఆగిపోవడంలో రెండు రకాలున్నాయి. తెర కదలకపోయినా, కీబోర్డు మీద నమ్‌లాక్ మీట నొక్కితే చిన్న దీపం వెలిగి ఆరుతోందంటే యంత్రం బతికే ఉంది, పనిలో చిక్కుకుందంతే. ఆ దీపం కూడా మొరాయిస్తే లోపం లోలోపలిది. యంత్రం వేసి ఆగేదాకా చూశాను, ఇక్కడ దీపం మొరాయించింది. మొదట నాకు కరెంటు మీద అనుమానం వచ్చింది. పక్కింట్లో పిండిమర ఉంది. మీటరు పెట్టి ప్లగ్గు దగ్గర వోల్టేజీ, ఎర్తింగు చూస్తూ గంట ఖర్చు పెట్టాను. మర తిరిగినప్పుడూ ఆగినప్పుడూ తేడా లేదు. ఆ గంట వృథా.

అప్పుడు ఎంతసేపటికి ఆగుతోందని రేవతిని అడిగాను. ఆమె రాతప్రతి తీసి అంచులు చూపించింది. యంత్రం ఆగిన ప్రతిసారీ ఎప్పుడు వేసిందీ, ఎప్పుడు ఆగిందీ పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. వేసిన మొదటిసారి ఇరవై నిమిషాలకు ఆగుతోంది. వెంటనే మళ్లీ వేస్తే అయిదు నిమిషాలకు. మళ్లీ వేస్తే రెండు నిమిషాలకు. ఓ గంట విడిచిపెట్టి వేస్తే మళ్లీ ఇరవై.

"ఇది మా వాళ్లకి చూపించలేదా?"

"సూపించబోతే, మీరు టైపు సూసుకోండి మేడం, మేం మిషను సూసుకుంతాం అన్నారండి."

ఆ కాగితం చదవడానికి డిప్లొమా అక్కర్లేదు. వైరస్‌కు చల్లారడం అంటూ ఉండదు. చల్లారితే కోలుకునే జబ్బు వేడి ఒక్కటే.

కంప్యూటరు వేసిన మొదటి క్షణాల్లో ఒక మీట నొక్కితే, విండోస్ నిద్ర లేవకముందే ఒక తెర వస్తుంది. దాన్ని బయాస్ అంటారు. యంత్రం తన ఒంటి సంగతి తానే అందులో చెప్పుకుంటుంది. కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసరు వేడి డెబ్బై ఒక డిగ్రీలు అని చూపించింది. చూస్తుండగానే డెబ్బై ఎనిమిది, ఎనభై ఆరు. దాని కింద వరసలో ప్రాసెసరును చల్లబరిచే ఫ్యాను వేగం: సున్నా.

కిరణ్‌కు ఫోను చేసి సంగతి చెప్పి, సీలు తీయడానికి అనుమతి అడిగాను.

"అంకుల్, ఇక్కడ రెండు రోజులు నడిపాం. ఫ్యాను భేషుగ్గా తిరిగింది. మీరు పెట్టె పట్టుకొచ్చేయండి చాలు. సీలు తీశారంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

నాకు కోపం వచ్చిన మాట నిజం. అయినా అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఫ్యాను అక్కడ తిరిగింది, నేనూ చూశాను. ఇక్కడ తిరగడం లేదు, ఇదీ చూస్తున్నాను. విజయనగరంలో తిరిగే ఫ్యాను కోటబొమ్మాళిలో ఎందుకు తిరగదు? ఉత్తర్వు ప్రకారం తీగలు ఊడదీసి, మోసుకెళ్లడానికి పెట్టెను పీట మీదినుంచి లేపి నిలబెట్టాను.

లోపల గలగలమని ఏదో జారి అడుక్కి పడింది.

మరచీల ఊడితే టంగుమని ఒక్క చప్పుడే వస్తుంది. ఇది చేటలో నూకల చప్పుడు. నిలబెట్టినది నిలబెట్టినట్టే మళ్లీ తీగలు తగిలించి బయాస్ తెర తెరిచాను. ఫ్యాను వేగం రెండు వేల వంద. వేడి దిగుతోంది. పెట్టెను మెల్లగా పీట మీద పడుకోబెట్టాను. నిమిషం గడవకముందే ఫ్యాను గుర్రుమని సున్నాకి పడింది. లేపాను, తిరిగింది. పడుకోబెట్టాను, ఆగింది. మూడోసారి కూడా అంతే. ఈ తంతుకు అప్పన్న గారు కొట్టు వదిలి గుమ్మంలోకి వచ్చారు.

మా బ్రాంచి బల్ల మీద పెట్టెలన్నీ వరసగా నిలబడి ఉంటాయి. ఈ ఇంట్లో పెట్టె పడుకుని ఉంది. పక్క రేకుకు గాలి ఆడడానికి గుండ్రంగా చిల్లులుంటాయి. పడుకోబెడితే ఆ చిల్లులు ఆకాశంకేసి చూస్తాయి. సరిగ్గా వాటి కిందే ప్రాసెసరు ఫ్యాను ఉంటుంది.

"దీన్ని ఎందుకు పడుకోబెట్టారమ్మా?" అని అడిగాను.

రేవతి అత్తగారి వంక చూసింది. కాంతమ్మ గారు అంతవరకూ వంటింటి గడప దగ్గరే ఉన్నారు.

"నానే పడుకోబెట్టించేనన్నయ్య గారూ. నిల్సోబెడితే బొట్టెక్కడ పెడతాం? కొట్లో కాటాకి రోజూ బోనీ ముందు బొట్టెట్టి నాలుగు అచ్చింతలేస్తాం కదా. అది ఆయన కాటా. ఇది మా కోడలి కాటా. దీనికీ ఏస్తన్నాను."

అప్పన్న గారు భార్య వైపు తిరిగారు. "ఎన్ని ఏస్తన్నావేటి?"

"ముందు నాలుగే ఏసేదాన్ని. అస్తమానూ ఆగిపోతన్నాది, పిల్ల పని సెడిపోతన్నాదని ఈ మద్దిన గుప్పిడేస్తన్నాను."

యంత్రం ఆగేకొద్దీ అక్షింతలు పెరిగాయి, అక్షింతలు పెరిగేకొద్దీ యంత్రం ఆగింది. బ్రాంచికి పంపే ముందు రేవతి పైన బొట్టు, గింజలు శుభ్రంగా తుడిచి పంపేది. లోపలివి మేం నిలబెట్టగానే అడుక్కి జారిపోయేవి. మా ఇంజినీర్లు సీలు తీయకుండా సాఫ్టువేరు పరీక్షలే చేశారు.

కాంతమ్మ గారి ముఖం పాలిపోయింది. "అయితే పాడు సేసింది నానేనా?"

"మీరు కాదు చెల్లెమ్మా. చిల్లులు పెట్టినవాడికి మీ కాటా సంగతి తెలీదు, అంతే" అన్నాను.

లోపం తెలిసింది. ఇక సీలు. రేవతి నా దగ్గర జాబ్ షీటు అడిగి తీసుకుని, "ఈ పెట్టె నాది. నా ఇష్టప్రకారమే సీలు తెరిపిస్తున్నాను" అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేసింది. అప్పన్న గారు అడ్డు చెప్పలేదు. బ్లేడుతో సీలు తెంపాను.

రేకు తీయగానే పసుపు రంగు బియ్యం కనబడింది. అడుగున గుప్పెడు, ఫ్యాను కింది అల్యూమినియం రెక్కల మధ్య ఇరుక్కుని మరికొన్ని. వాటిలో వదులుగా ఉన్నవి నిలబెడితే ఫ్యాను అంచుకు ఒరుగుతాయి, పడుకోబెడితే తిరిగే ఆకులకు అడ్డం పడతాయి. పసుపులో నెయ్యి కలిపినవి కావడంతో దుమ్ము పట్టి ముద్ద కట్టాయి. చిన్న పట్టకారుతో ఒక్కొక్క గింజనూ లాగాను. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాను. ప్రాసెసరు నెత్తిన, వేడిని బయటికి లాగడానికి రాసే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాశాను. ఫ్యానుకు గీత కూడా పడలేదు. మదర్‌బోర్డు నిక్షేపంలా ఉంది. పెట్టెను కుర్చీ పక్కన నిలబెట్టి, "ఇక కొట్టమ్మా" అన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నా బండి టైము దాకా రేవతి లేవకుండా కొట్టింది. పద్దెనిమిది పేజీలు కట్టింది. వేడి నలభై ఎనిమిది దాటలేదు.

కాంతమ్మ గారు నెమ్మదిగా అడిగారు, "మరి అచ్చింతలు మానీమంతారా?"

"మానొద్దు. కోడలి నెత్తి మీద వెయ్యండి. ఆవిడకి చిల్లుల్లేవు."

అప్పన్న గారు పకాలున నవ్వారు. "దాని నెత్తి మీదెయ్యడానికి నీకిన్నాల్లు సెయ్యాడలేదేటే?" అని పెళ్లాన్ని ఎత్తిపొడిచారు. ఆవిడ అప్పటికప్పుడు నాలుగు గింజలు తెచ్చి రేవతి తల మీద వేశారు. రేవతి టైపు ఆపలేదు, తల మాత్రం వంచింది.

పెట్టెలోంచి తీసిన గింజలు పొట్లం కట్టి జాబ్ షీటుకు పిన్ను చేశాను. లోపం అన్న గడిలో "ప్రాసెసరు ఫ్యానులో బియ్యపు గింజలు, పెట్టె పడుకోబెట్టినప్పుడే ఆగును" అని నేనే రాసి, కింద నా పేరు రాశాను. మర్నాడు పొద్దున్న అది కిరణ్ బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి అంకుల్?"

"మీరు విశాఖపట్నం పంపమన్న మదర్‌బోర్డు, బాబూ."

పక్క బల్లల మీదివాళ్లు తలలు దించుకుని నవ్వారు. సీలు తెంపినందుకు నాకు మెమో ఇచ్చారు. మెమో అంటే సంజాయిషీ కోరే కాగితం. రేవతి రాసిన అంగీకారం, ఫ్యాను వేగం అంకెలు, ఆమె పెన్సిలు గుర్తుల నకలు జతచేసి మూడు పేజీల జవాబు ఇచ్చాను. వారంలో మెమో వెనక్కి తీసుకున్నారు. పుస్తకం గడువుకు రెండు రోజుల ముందే ప్రెస్సుకు చేరింది. వాళ్లు వెంటనే ఇంకో పుస్తకం ఇచ్చారు. దసరా లోపల అప్పన్న గారు కోడలికి ప్రింటరు కొన్నారని, కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ ఆ గింజల కథ చెబుతున్నారని ఆ లైనులోనే మరోసారి వెళ్లినప్పుడు విన్నాను.

ఆ ఏడాది చివర మా బ్రాంచి ఫిర్యాదు పత్రంలో రెండు గడులు కొత్తగా చేరాయి: పెట్టె ఇంట్లో ఎలా పెట్టి ఉంది, వేసిన ఎన్ని నిమిషాలకు ఆగుతోంది. అవి ఎవరు చేర్చమన్నారో పత్రంలో ఎక్కడా లేదు. నేనడిగాను, అందరూ కలిసి ఆలోచించి చేర్చామన్నారు. అది ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. మన బల్ల మీద ఆగని యంత్రానికి లోపం లేదని రాయకూడదు. లోపం మన బల్ల దగ్గర లేదని మాత్రమే రాయాలి. అది ఆగే చోటికి వెళ్లి, ఆగే భంగిమలోనే చూడాలి. రోజూ దాని ముందు కూర్చునే మనిషి ఏం రాసుకుందో అడిగి చదవాలి. ఆ తరవాతే సీలు సంగతి.