అందరు పైకొచ్చిండ్రా?

మా బొగ్గుగని ఆఫీసులో నాకు కంప్యూటర్ పని నేర్పిన సారు, గనిలోకి దిగినవాళ్ల లెక్కనీ పైకొచ్చినవాళ్ల లెక్కనీ తారీఖువారీగా సరిచూసే క్వెరీ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. మొదటిసారి నడిపితే రాత్రి షిఫ్టంతా గనిలోనే ఉండిపోయినట్టు చూపింది. సారు చెప్పులు వేసుకోకుండానే ఉరికారు. వాళ్లంతా క్యాంటీన్లో చాయ్ తాగుతున్నారు. వాళ్లు దిగాక అర్ధరాత్రి తారీఖు మారింది, అంతే.

“తారీఖు మారితె మనిషి మాయమైతడా? దిగిన దినం కిందనే పైకొచ్చుడు గూడ రాయాలె,” అంటూ సరిచేశారు.

క్వెరీ కుదుటపడింది గానీ సారు కుదుటపడలేదు. మేం అన్నం తినడానికి మేడెక్కినా “అందరు పైకొచ్చిండ్రా?” అనేవారు.

ఆయన రిటైరైన రోజు మేడమీదే సభ. దండ పట్టుకుని వెతికితే సారు కింద మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

“ముందుగాల మీరెక్కుండ్రి. నేను ఆఖరికొస్త.”