సిద్ధిరాములు ముట్టని వెంట్రుకలు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు లింగంపేటలో చాయ్ కోసం ఆగింది. 2010 వేసవి. కిటికీలోంచి చూసి నిర్ఘాంతపోయాను. కుడివైపు మీసం మాత్రమే ఉన్న పెద్దమనిషి ఒకడు, చెంపల మీద సబ్బు నురగతో, ఒక సైకిలు వెనక పరుగెత్తుతున్నాడు. సైకిలు మీద మంగలి సిద్ధిరాములు. ఇక అడగనక్కర్లేదు, ఆ పెద్దమనిషి తన ముక్కులో వెంట్రుకలు కత్తిరించమని అడిగి ఉంటాడు.

సిద్ధిరాములు జుట్టు కత్తిరిస్తాడు, గడ్డం గీస్తాడు. ముక్కులోకి మాత్రం కత్తెర పోనివ్వడు. అడిగితే పని సగంలో ఉన్నా పెట్టె మూసి వెళ్లిపోతాడు. బీదరులో, నాందేడులో, ఒకసారి గోదావరి మీద పడవలో కూడా గడ్డం గీయించుకున్నవాణ్ణి. ఇంత మంకుపట్టు ఎక్కడా చూడలేదు.

ఎల్లారెడ్డి బట్టల దుకాణం ఘనీ ఒకసారి చెవిలో గుబిలి తీయమన్నాడు.

"తీస్తే పురుగు వచ్చి కాపురం పెడ్తది. చెవు కిరాయికి ఇస్తున్నవా, ఘనీ భాయ్?"

నా కంట్లో సబ్బు పడితే తుడవనివ్వలేదు. "కారనియ్యి బాపు. కన్ను దానంతట అదే కడుక్కుంటున్నది, నడుమ నువ్వేంది?" పిల్లల చీమిడిని చూసి తల్లులకంటే ఎక్కువ మురిసిపోయేవాడు. "దుమ్మంత అండ్లనే చిక్కింది, లోపలికి పోలె." ఇవన్నీ అన్నం ముందు కూర్చున్నప్పుడే చెబుతాడు.

బస్సు దిగాను. ఆ ఒంటి మీసం పెద్దమనిషి రోడ్డవతల రైసుమిల్లు దేవన్న సేటు. గంటలో నాగిరెడ్డిపేటలో కూతురి నిశ్చితార్థం.

"ముక్కు మాట ఎందుకు ఎత్తినవు, సేటూ?" అన్నాను.

"నేను ఎత్తలె. వాడే లేచి ఉరికిండు."

ఈసారి నిజంగా నోరు తెరిచాను. మా మాటలు విని సిద్ధిరాములు సైకిలు ఆపి, కాలు కింద పెట్టాడు.

"నీ ముక్కు కాదు సేటూ. నీ మిల్లుల ఊక ఎత్తే ఈరవ్వ ముక్కు. ఆ దుమ్ముకు ముక్కుల వెంట్రుకలు ఏం సరిపోతయి? ఉమ్మితే ఊకే వస్తున్నది. మూతికి బట్ట అడిగితే పనిలకెళ్లి తీసేస్త అన్నవంట."

"రేపు ఇస్త తీయ్."

"అయితే మీసం గూడ రేపే."

దేవన్న గడియారం చూసుకున్నాడు. ఒంటి మీసం తడుముకున్నాడు. పళ్లు కొరుకుతూ, పక్కనే ఆపి ఉన్న తన జీపులోంచి వియ్యాలవారికి పెట్టాల్సిన తువ్వాలల కట్ట తెచ్చి సైకిలు మీద పడేశాడు.

"ఈరవ్వ పని?"

"ఉంటది. నా మూతి సంగతి చూడు ముందు."

రోడ్డు మీదే నాలుగు గీతల్లో ఆ మీసం పోయింది. ముక్కుల పిచ్చోడని ఇరవై ఏళ్లుగా నవ్వుకున్నాను. ఎవరి ముక్కులు చూస్తూ తిరుగుతున్నాడో ఒక్కనాడూ అడగలేదు. పలకరిద్దామని చెయ్యెత్తాను. సిద్ధిరాములు అప్పటికే కట్ట భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా మిల్లు గేటు దాటుతున్నాడు. లోపల్నుంచి అతని గొంతు వినిపించింది:

"ఎర్రంచుది నీకు, ఈరవ్వా. ముక్కు కట్టుకో గని, తుమ్ము వస్తే ఆపకు."