నలభై ఒకటో చెట్టు తర్వాత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అలాంటి కబుర్లు చెప్పేవాళ్ళను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఇది నా చెవులతో విన్నది, నా చేత్తో రాసుకున్నది.

అవి యుద్ధం రోజులు. మాచర్ల పడమటి అడవిలో ఎంత కలప ఉందో అంచనా తేల్చమని పైనుంచి హుకుం వచ్చింది. నేను అడవి ఆఫీసులో గుమాస్తాను. నాకు తోడు కారంపూడి ఏసోబు. నాకంటే చిన్నవాడు, ఇద్దరిదీ ఒకే చర్చి. అతను మానుకు రొమ్ము ఎత్తున టేపు చుట్టి చెట్టు పేరు, చుట్టుకొలత అంగుళాల్లో అరిచి చెప్పేవాడు. మొదటి కొమ్మ దాకా పొడవు కంటితో చూసి అడుగుల్లో చెప్పేవాడు. నేను దాన్ని పైకి తిరిగి చెప్పి పుస్తకంలో రాసేవాణ్ణి. సరిపోతే అతను "ఆఁ" అని, చెట్టుకు తారుతో నంబరు వేసి ముందుకు పోవాలి.

రాసేవాడు కొలిచేవాడి వెంటే నడవాలని రూలు. ఆ మధ్యాహ్నం ఎండకు బద్ధకించి నేనొక బండ మీద చతికిలబడ్డాను.

"నువ్వు కూకో అన్నా, నేను అరుస్తాలే. నా గొంతు మాచర్ల దాకా ఇనపడుద్ది," అని ఏసోబు పొదల చాటుకు వెళ్ళాడు.

నిజంగానే చక్కగా వినబడింది. నారేప, చుట్టు నలభై, పొడవు పద్దెనిమిది. చండ్ర, చుట్టు ముప్పై ఆరు, పొడవు పన్నెండు. నేను తిరిగి చెప్పడం, అతను ఆఁ అనడం. అలా యాభై ఏడు చెట్లు రాశాను.

యాభై ఎనిమిదోది తేడాగా వచ్చింది. చెట్టు పేరే చెప్పలేదు. "చుట్టు ముప్పై రెండు. పొడవు ఐదడుగుల నాలుగంగుళాలు." పొడవులో మేం అంగుళాలు చెప్పం. ఏందిరా, మొక్కల్ని కూడా కొలుస్తున్నావా అని కసిరాను. ఆఁ అనలేదు. తిట్టుకుంటూ లేచి వెళ్ళాను.

ఏసోబు నలభై ఒకటో చెట్టు మొదట్లో పడి ఉన్నాడు. మడమ మీద పాము కాట్లు. ఒళ్ళు చల్లబడిపోయింది. టేపు ఇంకా ఆ చెట్టుకే చుట్టి ఉంది. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క టేపే. ఆ తర్వాతి ఏ చెట్టుకూ తారు నంబరు లేదు.

ఆ సాయంత్రం కారంపూడిలో శవపెట్టె కోసం వడ్రంగి అతన్ని కొలిచాడు. ఐదడుగుల నాలుగంగుళాలు అని పైకి అన్నాడు.

కూర్చున్నచోట కాకిలెక్కలు రాశావని రేంజరు నా మీద విరుచుకుపడ్డాడు. తర్వాత వేరే మనుషుల్ని పంపి ఆ పదహారు చెట్లూ వరసగా కొలిపించాడు. చుట్టుకొలతలో ఒక్క అంగుళం తేడా రాలేదు. ఆయన పుస్తకం మూసి నా వైపు తోశాడు.

అన్నిటికంటే నన్ను వదలనిది ఏసోబు భార్య కరుణమ్మ సమాధి దగ్గర అడిగిన మాట.

"అన్నా, పాము కరిసినప్పుడు మా ఆయన నిన్ను కేకెయ్యలేదా?"

వినబడలేదమ్మా అన్నాను. అతని గొంతు ఆ మధ్యాహ్నమంతా వినబడుతూనే ఉందని ఎలా చెప్పను? ఆ గొంతు ఒక్కసారి ఆగిపోయి ఉంటే అప్పుడే లేచి వెళ్ళేవాణ్ణి, మనిషి బతికేవాడేమో. దాన్ని ఆగనివ్వనిది ఏమిటో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు.