టమోటా కర వదిలాక

కలకడ దగ్గరి పల్లెలో ఈ రోజు మా నర్సింగ్ విద్యార్థుల ఆరోగ్య శిబిరం. నా ముందు కూర్చున్న రెడ్డెమ్మ నడివయసు రైతు. చర్మం, జుట్టు చూసి రాసుకున్నాక గోళ్ల దగ్గర ఆగిపోయాను. పది గోళ్లూ నల్లగా ఉన్నాయి. చదివిన జబ్బులన్నీ గుర్తుకొచ్చి, "గోళ్లు నలుపు, పెద్దాసుపత్రికి పంపాలి" అని ఫారంలో రాసేశాను.

"యాలమ్మా అంతగా రాస్తాండావు?" అని ఆమె అడిగింది.

"గోళ్లు ఎన్నాళ్లుగా నల్లగా ఉన్నాయమ్మా?"

"పొద్దున్నించి. టమోటా కోసి నేరుగా ఈడికే వస్తి. అది చెట్టు కర. నీళ్లకు పోదు, పచ్చికాయ రుద్దితేనే పోతాది."

కొంగులోంచి పచ్చి టమోటా తీసి, చిదిమి గోళ్లకు రుద్దుకుంది. నలుపు వదిలింది. మావాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. తీరా చూస్తే ఆ నలుపు కింద గోళ్లు పాలిపోయి ఉన్నాయి. కంటి కింది రెప్ప లాగి చూస్తే అక్కడా ఎరుపు లేదు.

"పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అప్పుడు అడిగాను.

"ఇంగా ఏమీ లేదు. రోజూ లారీకి కాయలెక్కినాకే తినల్ల."

'నలుపు' కొట్టేసి 'రక్తం తక్కువ' అని రాశాను. పెద్దాసుపత్రి మాట మాత్రం అలాగే ఉంచాను. ఏం పని చేసి వచ్చారో అడక్కుండానే జబ్బు రాసేసినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి. నేనొక్కదాన్నే అంటే బాగుండదు.