వంకర మూతి, ముందు కుర్చీ

పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకునే ఆవిడను అందరూ నవ్వులక్క అనేవారు. పన్ను పీకించుకోవడానికి బిక్కచచ్చిపోయి వచ్చినవాళ్లను ముందు తన నవ్వుతో కూర్చోబెట్టేది. లోపల మత్తు సూది పడేలోపు సగం భయం ఇక్కడే దిగిపోయేది.

అలాంటి మనిషి ఓ పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. మొహంలో నరం దెబ్బతిందని, నయం కావడానికి నెలలు పడుతుందని పెద్దాసుపత్రిలో చెప్పారు. రోజూ అద్దం ముందు నిలబడి నవ్వడం సాధన చెయ్యమన్నారు. మొదటిసారి తన మొహం చూసుకుని బావురుమంది. తర్వాత పంతం పట్టి నవ్వింది. మూతి సంగతి దేవుడెరుగు, గుండెల్లో బరువు మాత్రం కాస్త దిగింది. నవ్వాలంటే ముందు మనసు బాగుండాలంటారు గానీ, ఆవిడకు మొహం మీద మొదలైన నవ్వే మెల్లగా మనసులోకి దిగింది.

తీరా పనిలోకి వెళ్తే, ఆవిడ కుర్చీని వెనక గదిలో, పనిముట్లు కడిగే తొట్టి పక్కన వేసి ఉంచారు.

"బాగయ్యేదాకా ఇక్కడే కూర్చుని ఫోన్లు చూసుకోమ్మా. పేషెంట్లు జడుసుకుంటారు," అన్నాడు డాక్టరు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో చెప్తే అత్తగారు, "జీతం ఇస్తున్నాడుగా, నోరు మూసుకుని కూర్చోవే," అంది.

"మూసుకుందామన్నా ఇది పూర్తిగా మూతపడటం లేదత్తయ్యా!"

మర్నాడు కుర్చీ బరబరా ఈడ్చుకొచ్చి ముందు గదిలోనే వేసుకుంది. ఆ చప్పుడుకి డాక్టరు మాస్కు దించుకుంటూ బయటికొచ్చాడు. అప్పుడే పన్ను తీయించుకున్న ఓ పెద్దాయన డాక్టరు వెనకే వచ్చాడు. బుగ్గలో దూది, సూది మత్తుకి ఆయన పెదవి ఒక పక్కకు వేలాడుతోంది.

"ఏంటమ్మా ఇది? నిన్న చెప్పానుగా?"

"చెప్పారు. మరి ఈ బాబాయిగారి మూతి చూడండి. మీ దగ్గర సూది వేయించుకున్నవాళ్లు చాలామంది ఇలాగే బయటికొస్తారు. వాళ్లను కూడా వెనక గదిలో దాచేస్తారా? నేనేం తప్పు చేశానని దాక్కోవాలి డాక్టరుగారూ?"

గదిలో కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దాయన దూది జారిపోకుండా పట్టుకుని కిసుక్కుమన్నాడు. డాక్టరు ఆయన మూతి వంకా, ఈవిడ మూతి వంకా మార్చి మార్చి చూశాడు.

"సరే, కూర్చో," అన్నాడు చివరికి గొంతు తగ్గించి. "కాకపోతే ఆ నవ్వడం ఒక్కటీ కాస్త..."

"అదొక్కటే కుదరదండీ," అంది ఆవిడ. తర్వాతి పేరు గట్టిగా పిలిచి, వణుకుతూ లేచిన ఓ చిన్నపిల్లను చూసి, మాట వినే ఆ సగం మూతితోనే నిండుగా నవ్వింది.