దూడ పట్టీ

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మంట. ఇది చదివి నన్నూ వాళ్లలో కలిపేస్తే ఊరుకోను. నేను లెక్కల మనిషిని.

గవర్నర్‌పేటలో ఒక చిన్న డేటా ఆఫీసులో పనిచేసేదాన్ని. హనుమాన్ జంక్షన్ దగ్గర పాడి రైతుల గేదెలకీ దూడలకీ మెడలో సెన్సర్ పట్టీలు కట్టాం. నెమరు, నడక, పడక, చెవులాడించడం, అన్నీ మా కంప్యూటర్‌కి చేరేవి. గేదె ఆ పూట చేపుతుందా, అంటే పాలు దించుతుందా లేదా అని ముందే చెప్పగల కొలత వీటిలో ఏదో డేటా మైనింగ్‌తో తేల్చడం నా పని.

ప్రోగ్రామ్ అన్నిటినీ తోసేసి ఒక్కదాన్ని పట్టుకుంది: దూడ తల్లి పక్కన నిలబడిన సమయం. రెండు పట్టీలూ దగ్గరకొస్తేనే ఆ అంకె పడుతుంది. ఇందులో వింతేం లేదు. దూడ కుడిస్తేనే గేదె చేపుతుందని మా వైపు ఎవర్నడిగినా చెబుతారు.

వింతంతా ఆ రైతుల్లో ఒకరైన సువార్తమ్మ గారి గేదెది. దాని దూడ చచ్చిపోయింది. దూడ పట్టీని నేనే విప్పి తెచ్చి ఆఫీసులో నా సొరుగులో పడేశాను. అయినా పాలు పితికే వేళకల్లా అంకె పడుతూనే ఉంది. దూడ తల్లి పక్కనే ఉందట!

ఆవిడకి ఫోన్ చేశాను.

"దూడ లేకపోయినా చేపుతందండీ. గాలిని నాకతా నిలబడతది. ఎట్టాగో నన్నడక్కండి. ఒట్టిపోతే మా ఆయన కోతకి తోలేస్తారు. ప్రభువు దయవల్ల ఇస్తంది, అంతే."

మా సార్‌కి చూపించాను. నమ్మకపోతే పోనీ, లెక్కలు నేనే అల్లానన్నాడు! ఒక్కసారి వచ్చి చూడండి సార్ అని బతిమాలాను. గంట దారి. కాలు కదపలేదు. "క్లయింట్ నవ్వుతాడమ్మా" అంటూ నా సొరుగు లాగి, పట్టీలోంచి బ్యాటరీ మాత్రం పీకి చెత్తబుట్టలో వేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొలత ఎంచమని ప్రోగ్రామ్‌కి అప్పగించి, అది ఎంచింది నచ్చకపోతే చెరిపేసే మనిషికి ప్రోగ్రామెందుకు?

ఆ సాయంత్రం సువార్తమ్మ గారే ఫోన్ చేశారు. గేదె చేపలేదు. గుంజ చుట్టూ తిరుగుతూ ఒకటే అరుస్తోందట.

పట్టీలో కొత్త బ్యాటరీ వేసి, దాన్ని పట్టుకుని పరుగున వెళ్లాను. పట్టీని దూడ గుంజకే కట్టాను. గేదె ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. వారం తిరక్కుండా దాన్ని కోతకి తోలేశారు.

సొరుగులో ఉన్న పట్టీ అంత దూరాన ఉన్న గేదెని ఎలా పట్టుకుందో నాకు తెలీదు. బ్యాటరీ పీకిన సంగతి గేదెకి ఎలా తెలిసిందో అసలే తెలీదు.

రిపోర్టులో సార్ "సెన్సర్ లోపం" అని రాశాడు. లోపమే అయితే, అదే పట్టీని ఇంకో దూడ మెడకి ఎందుకు కట్టించాడు?