కోట మెట్ల మీద పట్టుకున్న చెయ్యి

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. గుడియాత్తంలో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. తాళం తీసినప్పటి నుంచి వేసేదాకా అలాంటి వాటికి నా బుర్రలో చోటుండదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే, అదీ చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

నా భార్య సరళ వాళ్ళ అన్న మురళి వేలూరులో లెక్చరరు. పాత కోటలంటే అతనికి పిచ్చి. పేర్ణాంబట్టు అవతల కొండల్లో ఒక పాడుబడిన కోట ఉందని తెలిసి, మమ్మల్నీ రమ్మన్నాడు. నాకంటే ముందు సరళే సరేనంది.

బస్సు దిగి మొదటి రోజంతా అడవిలో నడిచాం. ఆ రాత్రి కొండ మీది పల్లెలో ఎవరిదో వసారాలో పడుకున్నాం. మర్నాడంతా నిటారు ఎక్కుడు. ముళ్ళకు చేతులు గీరుకుపోయాయి. నా మోకాళ్ళు మాట వినడం మానేశాయి. చీకటి పడేలోగా ఒక బండ చాటున గుడారం వేశాం. మూడో రోజు మధ్యాహ్నానికి కోట గోడ కనిపించింది. పల్లె దాటాక ఒక్క మనిషీ మాకు ఎదురుపడలేదు.

లోపల పైకి వెళ్ళే వెడల్పాటి రాతిమెట్లున్నాయి. సగం ఎక్కామో లేదో పొగమంచు కమ్మింది. పట్టపగలే నా ముందున్న సరళ వీపు కనిపించలేదు. చేతులు పట్టుకుని నడవమని మురళి ముందునుంచి చెప్పాడు. సరళ వెనక్కి చాచిన ఎడమ చెయ్యి నేను పట్టుకున్నాను. ఆమె రెండో చెయ్యి అన్న చేతిలో ఉందనుకున్నాను.

మెట్లు అయిపోయి చదును వచ్చింది. సరళ ఆగలేదు. అంత అలసటలోనూ నన్ను లాక్కుపోతున్నట్టు నడుస్తోంది. అప్పుడు వెనకనుంచి, బాగా కిందనుంచి మురళి గొంతు వినిపించింది.

"బావా, యాడుండారు? నేను ఈడ మెట్ల మీదే కూచోనుండా. కెమెరా తుడుచుకుంటా ఉండా."

సరళను ఆగమన్నాను. ఆగలేదు. నడుము పట్టుకుని వెనక్కి లాగితే ఇద్దరం వెల్లకిలా పడ్డాం. మంచు పలచబడ్డాక చూస్తే, మా కాళ్ళకు కాస్త అవతల నేల లేదు. ఎంతో కింద చెట్ల తలలు కనిపిస్తున్నాయి.

సరళ కుడి అరచేయంతా తడి పసుపు. పైకి వచ్చిన మురళి కూడా చూశాడు. అతని చేతులకు ఏమీ లేదు. చెల్లెలికి చెయ్యి ఇవ్వనేలేదన్నాడు. మా సంచుల్లో పసుపన్నదే లేదు.

సరళ ఏడవలేదు. నెమ్మదిగా అంది: "నన్నేం గుంజలేదు. బిడ్డను పిలుచుకోని పోయినట్ల పిలుచుకోని పోయినారు. వాళ్ళ గాజులు నా మణికట్టుకు తగల్తా ఉండె."

ఆ పూటే దిగడం మొదలుపెట్టాం. దారి పొడవునా ఆమెను నా ముందే నడిపించాను.

ఏదో ఆకు పసరు అంటుకుని ఉంటుందని మురళి ఇప్పటికీ అంటాడు. అయి ఉండవచ్చు. గాజుల సంగతి అడిగితే మాట మారుస్తాడు.

సరళ మామూలుగానే ఉంది. అంగట్లో కూర్చుంటుంది, బేరాలు చేస్తుంది. ఎప్పుడో ఒకసారి, గిన్నెలు సర్దుతూ సర్దుతూ, ఆ కొండకు మళ్ళీ ఎప్పుడు పోదామని అడుగుతుంది. మోకాళ్ళ నొప్పి వంక చెప్పి తప్పించుకుంటున్నాను.

పోయిన వారం మళ్ళీ అడిగింది. అదే వంక చెప్పాను.

"మీరు రాకపోయినా ఏం లేదులెండి," అంది. "నాకు తోడుండారు."

ఎవరని నేను అడగలేదు. ఆ రోజు నేను పట్టుకున్నది సరళ చేతిని. ఆమె పట్టుకున్నది ఎవరి చేతినో నాకు తెలియదు.